ఫొటోలో చేతులు ఎవరివి

మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో సూర్యకుమారి ఏం చేస్తుందని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది "థెరపీ సెంటర్లో ఆయా" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆయా పని తక్కువదని కాదు. ఆమె పని అది కాదు గనుక. పద్నాలుగేళ్ళు ఆమె చేసిన పని ఒకటి, ఆమెకు అంటగట్టిన పేరు ఇంకొకటి. అంటగట్టిన వాళ్ళలో బాగా చదువుకున్న పెద్దమనుషులున్నారు. తెలియక వాళ్ళకు సాయపడినవాణ్ణి నేను. అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు గణపతిరావు. బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై తొమ్మిదేళ్ళు చేసి ఫిట్టర్‌గా రిటైరయ్యాను. రాయడం నాకు అలవాటు లేదు. కోపం మాత్రం బాగానే అలవాటు.

సూర్యకుమారి తండ్రి మా వర్క్‌షాపులోనే వేగన్లు బాగుచేసే షాపులో ఖలాసీగా, అంటే ఫిట్టర్లకు సాయం చేసే కూలీగా ఉండేవాడు. ఆయనదీ మాదీ శ్రీకాకుళంలో పక్కపక్క ఊళ్ళు. అందుకని ఆ పిల్లకు నేను బాబాయ్‌ని, మా ఆవిడ రత్నం పిన్ని. ప్లస్ టూ సైన్సు చదివాక కలకత్తాలో రెండేళ్ళుండి ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు డిప్లొమా తెచ్చుకుంది. అదేం చదువని మావాళ్ళు అడిగితే ఎప్పుడూ ఒకటే చెప్పేది. "నీ సొక్కాకి నువ్వే బొత్తాం ఎట్టుకోడం నేర్పడం." పక్షవాతం వచ్చినవాళ్ళకీ, చెయ్యి నలిగినవాళ్ళకీ తమ అన్నం తామే కలుపుకోవడం, తమ జుట్టు తామే దువ్వుకోవడం మళ్ళీ అలవాటు చేసే విద్య అది. మందులూ సూదులూ ఉండవు. బోలెడంత ఓపిక కావాలి.

2011లో మా ఊళ్ళోనే తాల్‌బగీచా వైపున్న ఒక ప్రైవేటు థెరపీ సెంటర్లో చేరింది. అక్కడ పెద్ద థెరపిస్టు అమర్‌నాథ్. మనవాడే, విశాఖపట్నంలో పుట్టినవాడు, గోడ నిండా సర్టిఫికెట్లు తగిలించుకున్నవాడు. మనవాడు పైన ఉన్నాడు, ఇక పిల్లకి ఢోకా లేదని మేమంతా సంబరపడ్డాం. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

2013లో నా కుడిచెయ్యి నలిగింది. చైన్ పుల్లీ జారి, ఇనుప ఫ్రేముకీ స్టాండుకీ మధ్య ఇరుక్కుంది. ఆపరేషన్ బాగానే చేశారు. తెగిన నరాలు కుట్టారు. కానీ కట్టు విప్పాక చూస్తే అది నా చెయ్యిలా లేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, కర్రలా బిగుసుకుని ఉన్నాయి. ఫిట్టర్‌కి కుడిచెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది. థెరపీ చేయించుకోమని నన్ను ఆ సెంటర్‌కి పంపారు. మొదటిరోజు అమర్‌నాథ్ అయిదు నిమిషాలు నా చెయ్యి తిప్పి చూసి, ఫైల్లో ఇంగ్లీషులో ఏదో రాసి వెళ్ళిపోయాడు. రెండోరోజు నుంచి అంతా సూర్యకుమారే.

ప్లాస్టిక్ రేకును మరుగుతున్న నీళ్ళ ట్రేలో మెత్తబరిచి, నా చేతి మీద పరిచి, వేళ్ళ ఒంపుకి తగ్గట్టు తన చేతులతో ఒత్తి పట్టీ చేసేది. చల్లారితే అది గట్టిపడి చెయ్యిని కదలకుండా పట్టి ఉంచుతుంది. అలాంటివి నాకు ఏడు చేసింది, చెయ్యి మారుతున్నకొద్దీ ఒకటి. తర్వాత బియ్యం బేసిన్లో చెయ్యి పెట్టించి చింతగింజలు వెతికించేది. ఆపైన, "నీ పెట్టిలోంచి నట్టులూ బోల్టులూ అట్రా బాబాయ్, నీకు అలవాటయినవే కావాల" అంది. ముందు అంగుళం బోల్టు, తర్వాత అరంగుళం, చివరికి పావు అంగుళం. నట్టు జారి కింద పడితే తనే వంగి తీసి మళ్ళీ నా వేళ్ళ మధ్య పెట్టేది. ఒక్కోరోజు నలభైసార్లు వంగేది. నేను విసుక్కుని బూతులు తిట్టిన రోజులూ ఉన్నాయి. వినీ విననట్టు ఇంకో నట్టు అందించేది. అయిదో నెలలో ఒక మధ్యాహ్నం పప్పన్నం నా చేత్తో నేను కలుపుకుని నోట్లో పెట్టుకున్నాను. ఏడుపు ఆగలేదు. రత్నం కూడా ఏడ్చింది. మళ్ళీ షాపుకెళ్ళి, అయిదేళ్ళు పనిచేసి, మర్యాదగా రిటైరయ్యాను.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ప్రతిరోజూ థెరపీ అయ్యాక ఒక కాగితం మీద ఆ రోజు ఏం చేసిందీ రాస్తారు. రాసేది సూర్యకుమారి. సాయంత్రం అమర్‌నాథ్ ఒకేసారి అన్నింటి మీదా సంతకం గీకేస్తాడు. ఒకరోజు ఆమె నన్నడిగింది.

"బాబాయ్, ఈ కాయితం మీద నా పేరు కూడా ఎట్టమని సారుని అడగనా. సేసేది నానే గదా."

నేను పెద్దరికం వెలగబెట్టాను. "ఏల అడగడం. మా షాపులో గేంగు సేసిన పనికి సంతకం సార్జిమేన్‌దే. పని ఎవుడు సేసినాడో అందరికీ ఎరికే. టైం ఒచ్చినప్పుడు ఆయనే నిలబడి సెప్తాడు."

ఆ మాట ఊరికే అనలేదు. మా షాపులో జరిగేది అదే. ఖలాసీ చేస్తాడు, గేంగు మీద అజమాయిషీ చేసే చార్జిమేన్ ఆ పని వివరాలు రాసిన జాబ్ కార్డు మీద సంతకం పెడతాడు. ఎవరూ బాధపడరు. 1986లో, ఖలాసీగా ఉన్న నేను ఫిట్టర్ కావడానికి ట్రేడ్ టెస్టు ఇచ్చాను. ట్రేడ్ టెస్టు అంటే పరీక్షాధికారి కళ్ళెదుట ఒక పని చేసి చూపించాలి. నేను చేసిన ముక్కను ఆయన అటూ ఇటూ తిప్పి, ఖలాసీ చేతికి ఇంత నునుపు ఎలా వచ్చిందని అనుమానపడ్డాడు. మా చార్జిమేన్, ఆంగ్లో ఇండియన్ ఆర్థర్ దొర లోపలికెళ్ళి పాత జాబ్ కార్డుల కట్ట పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "వీటి మీద సంతకాలు నావి, పనులన్నీ ఇతనివి. కావాలంటే షాపులో ఎవర్నయినా అడుగు" అన్నాడు. అంతే, నేను పాసయ్యాను. సంతకం పెట్టేవాడంటే ఆర్థర్ దొరలాగే ఉంటాడని నా బుర్రలో పాతుకుపోయింది. రైల్వే క్వార్టర్లలో బతికినవాళ్ళం, మాకు తెలిసిన లోకం అంతే. ఆ లోకాన్నే తీసుకెళ్ళి ఆ పిల్లకు నూరిపోశాను. ఆమె మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఏళ్ళు గడిచాయి. డిగ్రీ పాసై కొత్తగా వచ్చే థెరపిస్టులు ఆరునెలలు సూర్యకుమారి పక్కన నిలబడి పట్టీలు చెయ్యడం నేర్చుకునేవాళ్ళు. ఏడో నెలనుంచి ఆమెను పేరు పెట్టి పిలిచి నీళ్ళు కాగాయా అని అడిగేవాళ్ళు. వాళ్ళకు వేరే గది, వేరే కుర్చీ. ఆమెకు గోడవారన స్టూలు. ఇదంతా ఆమె పట్టించుకోలేదు. నేనే లోలోపల రగిలిపోయేవాణ్ణి.

ఆమెకు తట్టుకోలేనంత కోపం వచ్చింది నిరుడు. రాధారాణి అని మా వీధిలో పెద్దావిడ, పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. కొత్తగా వచ్చిన థెరపిస్టు పూజ ఆవిడ చేతిని కప్పీ తాడుకి కట్టి పైకి లాగించసాగింది. సూర్యకుమారి చూసింది. భుజం కీలు వదులైపోయి ఉంది, ఇలా లాగితే చెడిపోతుందని మెల్లగా చెప్పింది. పూజ వెళ్ళి అమర్‌నాథ్‌తో చెప్పింది. అమర్‌నాథ్ వచ్చి రోగులందరి ముందూ, "నువ్వు అసిస్టెంటువి. చెప్పింది అందించడం వరకే నీ పని" అని ఆ తాడు ఆమె చేతికే ఇచ్చాడు. వారం తిరక్కుండా రాధారాణి భుజం కుండలా వాచింది. నాలుగు నెలలు ఆవిడ పక్క మీద ఒత్తిగిల్లలేకపోయింది. మళ్ళీ ఆ భుజాన్ని దారికి తెమ్మని అప్పగించింది ఎవరికనుకున్నారు, సూర్యకుమారికే. తెచ్చింది. కాగితం మీద సంతకం పూజది.

భుజం వాచిన ఆ వారమే సూర్యకుమారి మా ఇంటికొచ్చి రత్నం దగ్గర కూర్చుంది. "తప్పని తెలిసీ నోరు మూసుకుని నిలబడిపోయినాను పిన్నీ. ఆవిడి అరుస్తంటే తాడు పట్టుకున్నది నానే. ఇంకోపాలి అలగ నిలబడలేను. డిగ్రీ సదువుతాను" అంది. అప్పటికి ముప్పై ఏడేళ్ళు ఆమెకు. భర్త సాయికుమార్ టోటో, అంటే బ్యాటరీ రిక్షా నడుపుతాడు. అతను ఒక్కమాటే అన్నాడట, "సదువు, ఇల్లు నాను సూసుకుంటాను" అని. మా కథలో సంతకం లేకుండా మాట నిలబెట్టుకున్న మగవాడు అతనొక్కడే.

ఈ ఏడాది ఒడిశాలో ఒక కాలేజీ ప్రకటన వేసింది. ఇప్పటికే పనిచేస్తున్న డిప్లొమా వాళ్ళకి బ్యాచిలర్ డిగ్రీలో నేరుగా రెండో ఏడాదిలో చేరడానికి పది సీట్లు. కనీసం అయిదేళ్ళు రోగులకు స్వయంగా చికిత్స చేసినట్టు పై అధికారి రాసివ్వాలి. గడువు జూన్ ముప్పై. అయిదేళ్ళు ఏమిటి, ఆమెకు పద్నాలుగున్నాయి. ఒక్క కాగితం చాలు. ఏప్రిల్లో అమర్‌నాథ్‌ని అడిగితే, మేలో సెంటర్ వార్షికోత్సవం ఉంది, అది అయ్యాక చూద్దామన్నాడు.

ఆ వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. పన్నెండేళ్ళ తర్వాత కూడా చక్కగా పనిచేస్తున్న చెయ్యి అని నా చేతిని స్టేజి మీద చూపించాలట. ముఖ్య అతిథి ఆ ఒడిశా కాలేజీ ప్రొఫెసర్, మహాపాత్ర మేడమ్. విన్నవెంటనే నేను చంకలు గుద్దుకున్నాను. ఆర్థర్ దొర నా కోసం చేసిన పని ఇన్నాళ్ళకు ఈ పిల్ల కోసం నేను చేస్తాననుకున్నాను. ముందురోజు సూర్యకుమారి మా గుమ్మంలోకొచ్చింది.

"బాబాయ్, రేపు స్టేజి మీద నా పేరెత్తకు."

"ఏటి, ఎత్తకపోవడమేటి?"

"సారు సెప్పినారు. పంక్షను సక్కగా జరిగితే మర్నాడే కాయితం రాసిస్తారంట. నీకు కోపం ఒస్తాదని నాకు తెలుసు. నా సీటు కోసం ఒక్క పూట ఓర్చుకో."

ఓర్చుకున్నాను. స్టేజి మీద పెద్ద తెర. దాని మీద నా చెయ్యి ఫొటోలు, 2013లో తీసినవి. ప్రతి ఫొటోలోనూ నా చెయ్యిని పట్టుకుని, ఒత్తుతూ, తిప్పుతూ ఇంకో రెండు చేతులు. ముఖాలు లేవు, మోచేతుల దగ్గరే కత్తిరించేశారు. అమర్‌నాథ్ మైకు పట్టుకుని "నేను ఇలా చేశాను, నేను అలా నిర్ణయించాను" అని ముప్పావుగంట చెప్పాడు. నా చెయ్యి గురించి తొమ్మిది పేజీల పుస్తకం కూడా అచ్చేసి అందరికీ పంచారు. సూర్యకుమారి హాలు చివర మంచినీళ్ళ సీసాలు అందిస్తోంది. చివర్లో మహాపాత్ర మేడమ్ నన్ను హిందీలో అడిగింది, మీకు ఇదంతా నేర్పింది ఎవరని. నా కళ్ళు హాలు చివరికి పోయాయి. సూర్యకుమారి తల అడ్డంగా ఊపింది. అమర్‌నాథ్ వైపు చూపించి "ఈ సారే" అన్నాను. చప్పట్లు కొట్టారు. జీవితంలో నేను అంత నీచంగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు.

కాగితం మర్నాడు కాదు, జూన్ పదో తారీఖున ఇచ్చాడు. సూర్యకుమారి నా చేతికిచ్చింది. ఇంగ్లీషు కదా, మా మనవరాలు ప్రజ్ఞ చదివి చెప్పింది. "రోగులను ఒకచోటు నుంచి మరొకచోటుకు చేర్చుటలోను, పరికరములను శుభ్రపరచుటలోను సహకరించినారు. నడవడి సంతృప్తికరము." అంతే. చికిత్స అన్న మాట వెతికినా లేదు. పద్నాలుగేళ్ళకి రెండు వాక్యాలు, ఆ రెండూ అబద్ధాలే.

నేను చెప్పులేసుకుని నేరుగా సెంటర్‌కి పోయాను. అమర్‌నాథ్ కోపంగా ఏమీ లేడు. కుర్చీ చూపించి, టీ తెప్పించి, నెమ్మదిగా మాట్లాడాడు. అదే నాకు ఎక్కువ మండింది.

"గణపతిరావుగారూ, మీరు పెద్దవారు, మీరే చెప్పండి. ఆవిడ చికిత్స చేసిందని నేను రాస్తే, మరి ఇన్నేళ్ళూ నేను దేని మీద సంతకం పెట్టినట్టు?"

"అబద్దం మీద" అన్నాను.

"అలా అనకండి. పద్ధతి ఉంటుంది. థెరపిస్టు చేయిస్తాడు, అసిస్టెంటు చేస్తుంది. ఇదంతా బయటపెట్టి మన సెంటర్ పరువు తీస్తారా? అయినా స్టేజి మీద మీరే చెప్పారు కదా, నేర్పింది నేనని. వీడియో కూడా ఉంది."

టీ ముట్టుకోకుండా లేచి వచ్చాను. దారి పొడవునా ఆయన్ని తిట్టుకున్నాను, తర్వాత నన్ను తిట్టుకున్నాను. ఆయన దొంగ అయితే, తాళం చెవి చేతికిచ్చింది నేనే.

రెండురోజుల తర్వాత పొద్దుటి బండికి నేనూ సూర్యకుమారీ ఆ కాలేజీకి వెళ్ళాం. ఆమె వద్దంది, లాభం లేదంది. నేనే లాక్కెళ్ళాను. మహాపాత్ర మేడమ్ అరవై దగ్గరున్న మనిషి, నవ్వే రకం కాదు. నన్ను గుర్తుపట్టింది. నేను కూర్చోకుండానే నాకొచ్చిన హిందీలో చెప్పేశాను. ఆరోజు స్టేజి మీద చెప్పింది అబద్ధమని, నా చెయ్యి బాగుచేసింది ఈ పిల్ల అని, పద్నాలుగేళ్ళుగా ఆ సెంటర్లో చికిత్స చేస్తున్నది ఈమేనని.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆరోజు అబద్ధం చెప్పారు. ఇవాళ నిజం చెబుతున్నారని నాకెలా తెలియాలి?"

న్యాయమైన ప్రశ్న అది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న సూర్యకుమారి ముందుకొచ్చింది. "మేడమ్, ఆ పుస్తకం మీ దగ్గరుందా?" అని హిందీలోనే అడిగింది. మేడమ్ బీరువాలోంచి తీసింది. సూర్యకుమారి ఫొటోల పేజీ తెరిచి, దానికి అటూ ఇటూ తన రెండు చేతులూ బోర్లించి పెట్టింది. ఎడమ బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ. సెంటర్లో చేరిన కొత్తలో పట్టీలు చేసే వేడినీళ్ళు ఒలికినప్పటిది. పుస్తకంలో ఆరు ఫొటోలు. నాలుగింట్లో అదే వేలి కింద అదే మచ్చ. ముఖాలు కత్తిరించగలిగాడు గానీ చేతులు ఎక్కడ కత్తిరిస్తాడు. చికిత్స అంతా ఆ చేతుల్లోనే ఉంది.

మేడమ్ మచ్చనూ ఫొటోలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఒక ఫొటో మీద వేలు పెట్టింది. "ఇందులో మణికట్టు ఇంతలా వంచి ఎందుకు కట్టావు?"

"కుట్టిన నరం మీద లాగుడు పడకూడదని. నెలరోజులు వంచే ఉంచాను. ఆ తర్వాత కొంచెం కొంచెంగా తిన్నగా తెచ్చాను."

"పుస్తకంలో రెండోవారం నుంచే తిన్నగా తెచ్చినట్టు ఉందే."

"పుస్తకంలో తప్పు రాశారు మేడమ్. రెండోవారంలో తిన్నగా చేస్తే కుట్టు తెగిపోతుంది. ఈయన ఇవాళ మీకు నమస్కారం పెట్టగలిగేవారు కాదు."

మేడమ్ మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. ఆ తప్పు ఆవిడ కంట్లో ముందే పడిందని నాకు అప్పుడర్థమైంది. అడిగింది తెలియక కాదు, తేల్చుకోవడానికి. ఇంకో గంటసేపు ప్రశ్నలు అడిగింది. నాకు ఒక్కటీ అర్థం కాలేదు గానీ, ఒక్కదానికీ సూర్యకుమారి తడుముకోలేదు. మా షాపులో ట్రేడ్ టెస్టు అయితే అక్కడికక్కడే పాసైపోయేది. కానీ అది షాపు కాదు. "నాకు సందేహం లేదు. అయితే నా నమ్మకాన్ని చూసి సీటివ్వడానికి రూలు ఒప్పుకోదు. మీ సెంటర్ రాసిన కాగితమే కావాలి" అంది మేడమ్.

నాకు మళ్ళీ మండింది. ప్రపంచంలో అందరికీ నిజం తెలుసు, కాగితానికి మాత్రం తెలియదు. అదే పైకి అనేశాను కూడా. మేడమ్ నన్ను కూర్చోమంది. ఆవిడ దగ్గర ఇంకో సంగతి ఉంది. ఆ తొమ్మిది పేజీల్నీ ఒక పెద్ద పత్రికకు సిఫారసు చెయ్యమని అమర్‌నాథ్ ఆవిడను బతిమాలి ఉన్నాడట. పత్రికలో పడితే ఆయనకు పెద్ద పేరు. మేడమ్ కాలేజీ కాగితం తీసి మా ఎదుటే రాసింది. ఫొటోలలో చికిత్స చేస్తున్న చేతులు ఎవరివి, వారి పేరేమిటి, ఉద్యోగమేమిటి, ఎన్నేళ్ళుగా ఏ పని చేస్తున్నారు, ఇవన్నీ రాతపూర్వకంగా తెలపాలి, తెలిపే వరకు సిఫారసు చెయ్యడం కుదరదు. అంతే. దానిలో సీటు ఊసు లేదు, దబాయింపు లేదు. రెండోవారం తప్పు సంగతి కింద ఒక్క ముక్కలో రాసింది.

తిరుగుబండిలో సూర్యకుమారి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "ఆ సేతులు తనవేనని రాసీగలడు బాబాయ్" అంది. రాసేస్తాడని నాకూ భయం వేసింది. కానీ ఆ చేతికి గాజులున్నాయి.

జవాబు జూన్ ఇరవై ఎనిమిదిన వచ్చింది. మేడమ్ ఒక నకలు సూర్యకుమారికి పంపింది. "చిత్రములలో చికిత్స చేయుచున్నది మా ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు శ్రీమతి సూర్యకుమారి. వీరు 2011 నుంచి నా పర్యవేక్షణలో రోగులకు స్వయముగా చికిత్స చేయుచున్నారు." కింద అమర్‌నాథ్ సంతకం, సెంటర్ ముద్ర. ప్రజ్ఞ చదువుతుంటే సంతోషపడాల్సింది పోయి నేను పళ్ళు కొరుక్కున్నాను. ఎంత సులువు చూడండి. రెండు వాక్యాలు. నిజం రాయడానికి ఆయనకు అయిదు నిమిషాలు పట్టి ఉండదు. ఆ పిల్ల బతుకు కోసం రాయనిది, పత్రికలో తన పేరు కోసం రాశాడు.

సెంటర్ రాసిన ఆ కాగితంతోనే సీటు వచ్చింది. జూలై నెలాఖరుకి ఆమె సెంటర్ మానేసింది. ఆఖరిరోజు మధ్యాహ్నం సామాను తెచ్చుకోవడానికి సాయం రమ్మంటే వెళ్ళాను. మూడువారాల ముందే అమర్‌నాథ్ ఆమెను ఒక పని అడిగాడు. పట్టీలు చెయ్యడం అక్కడ ఇంకెవరికీ సరిగ్గా రాదు. పూజ చేసిన రెండు పట్టీలు రోగులకు పుండ్లు పెట్టాయట. ఏ చేతికి ఏ పట్టీ, నీళ్ళు ఎంత వేడి, ఎక్కడ ఒత్తాలి, ఎక్కడ వదలాలి, అంతా వివరంగా రాసిపెట్టి వెళ్ళమన్నాడు. రాయనని చెప్పు, వాళ్ళ ఖర్మకి వాళ్ళను వదిలెయ్యి అన్నాను నేను. సూర్యకుమారి వినలేదు. "పట్టీ తప్పయితే పుండు పడేది పేషెంటుకి బాబాయ్, సారుకి కాదు" అంది. రోజూ ఇంటి పనయ్యాక కూర్చుని బొమ్మలు గీసి మరీ నలభై పేజీలు రాసింది.

ఆఖరిరోజు ఆ నోటుపుస్తకం ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన నాలుగు పేజీలు తిప్పి మురిసిపోయాడు.

"చాలా బాగా రాశావమ్మా. టైపు చేయించి, సంతకం పెట్టి మన సెంటర్ మాన్యువల్‌గా ఉంచుతాను."

సూర్యకుమారి ఆయన చేతిలోంచి పుస్తకం మెల్లగా తీసుకుని, ఆ బల్ల మీదే ఉన్న ఆయన పెన్నే అందుకుంది. నిలబడే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. ప్రతి పేజీ కిందా తన పేరు, తారీఖు. రాస్తోంది, పేజీ తిప్పుతోంది, రాస్తోంది. పూజ తలుపు దగ్గరికొచ్చి చూసింది. ఇద్దరు పేషెంట్లు చూశారు. నలభయ్యో పేజీ దాకా అలాగే రాసింది. పెన్ను మూత పెట్టి, పుస్తకం ఆయన ముందుకు జరిపింది.

"టైపు సేయించినప్పుడు ఈ పేరు కూడా సేయించండి సార్" అంది.